సమస్య: ఒకటి కొకటి కలుప నొకటె యగును

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది (బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలు) నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి.

ఒకటి కొకటి కలుప నొకటె యగును

గుర్తుల్లో రాస్తే 1 + 1 = 1. అయిదు గణాలూ నగణాలే (మూడేసి లఘువులు). యతి (మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొత్తు) ఒ, ఒ. మీ మూడో పాదం ద్రుతంతో (చివరి నకారంతో) ముగిస్తే సమస్యను "నొకటి" అని ఎత్తుకోవచ్చు. అచ్చుయతి కాబట్టి చెడదు. ఈ సమీకరణం ఎక్కడ, ఏ అర్థంలో నిజమో పద్యంలోనే తెలియాలి. "అని వెర్రివాడు పలికె" అంటూ ఎవరి నోటనో పెట్టి తప్పించుకునే పూరణలు వద్దు.

ఇష్టమైనవారికి రెండో పని: అంకెలను, గుర్తులను పైకి చదివితేనే పద్యం కావాలి, లెక్క సరిపోవాలి, చివర నవ్వు రావాలి.

వర్గమూలం:
నా పూరణ.

జార్జి బూలు చెప్పె జగతికి తర్కమ్ము
సున్న యొకటి రెండె చూడ నచట
నిజము నిజము కలియ నిజమౌను గావున
నొకటి కొకటి కలుప నొకటె యగును

లఘుగురు:
గణాలు, యతులు అన్నీ కుదిరాయండి. రెండో పాదంలో సు, చూ యతి చక్కగా ఉంది. చిక్కంతా మొదటి పాదంలోని పేరుతోనే. తర్కాన్ని బీజగణితంగా మలిచిన బూల్ తన 1854 నాటి గ్రంథంలో కూడిక గుర్తును ఉమ్మడి సభ్యులు లేని వర్గాలకే వాడాడు. ఒకదాన్ని దానితోనే గుణిస్తే అదే వస్తుందన్నాడు తప్ప, దానితోనే కూడితే అదే వస్తుందని ఒప్పుకోలేదు. ఆ రెండో సూత్రం పెట్టింది 1864లో జెవన్స్ అనే మరో తర్కవేత్త. ఈ విషయమై ఇద్దరి మధ్యా ఉత్తరాలు కూడా నడిచాయి. అందుకని పేరు తీసేసి చోటు చెప్పండి.

ఆరు గేటులోన నమరిన తీరిది

ఆ, అ యతి. "ఆరు" తెలుగులో ఆరంకె, కంప్యూటర్లలోని తర్క గేటు (1, 0లను తీసుకుని 1 గాని 0 గాని ఇచ్చే వలయం) పేరుగా "ఆర్". శ్లేష దానంతటదే వచ్చింది. గేటు పేరు చెప్పడం ఇక్కడ తప్పనిసరి కూడా. ఎక్స్-ఆర్ గేటులో 1, 1 ఇస్తే 0 వస్తుంది. ద్విసంఖ్యామాన కూడికలో 10 వస్తుంది, అంటే మొత్తం గడిలో 0, చేతిలో 1. కూడిక గుర్తుతో రాసి ఒకటికి ఒకటే రావాలంటే ఆర్ గేటే కావాలి.

బీజగణితం:
ఇది ఇంటివైపు పూరణ.

చుక్క చుక్క కలియ చుక్కయే గద నీటి
కుప్ప కుప్ప కలియ కుప్ప యొకటె
ఆలు మగలు కలియ నైకమత్యమె గాన
నొకటి కొకటి కలుప నొకటె యగును

ఛందోమిత్ర:
బీజగణితం గారూ, నడక బాగుంది, పైకి చదువుకుంటే నోట్లో ఆడుతోంది. మూడు సవరణలు చెబుతాను.

రెండో పాదంలో "ఒకటె", సమస్యలో మళ్ళీ "ఒకటె". సమస్యలో పేలాల్సిన మాటను రెండు పాదాల ముందే పేల్చేశారు. "కుప్ప కుప్ప కలియ గుప్ప మిగులు" అనండి. సరళాదేశం (క గ కావడం) వచ్చినా కు, గు యతి నిలుస్తుంది.

మొదటి పాదం చివర "నీటి" తోక వేలాడుతోంది. "చుక్కయే గద" దగ్గరే అర్థం పూర్తయింది, తర్వాత వచ్చిన విశేషణానికి విశేష్యం లేదు. "చుక్కయే మిగులంగ" అంటే రగణం, సలం (రెండూ ఇంద్రగణాలే) సరిపోతాయి. అప్పుడు కుప్పకు "మిగులు" వద్దు, "గుప్ప యగును" కూడా వద్దు, ఎందుకంటే సమస్య చివర "యగును" ఉంది. "గుప్ప నిలుచు" సరి.

మూడోది మీ ఒక్కరికే కాదు. ఇప్పటిదాకా వచ్చిన రెండు పూరణలూ "గావున", "గాన" అంటూనే సమస్యకు అతుక్కున్నాయి. ఆ మాట తీసేస్తే పైపాదాలకు, సమస్యకు సంబంధం తెగిపోతుంది. సమస్యలోని మొదటి మాటను పైపాదంలోని మాటతో కలిపి విరుపు మార్చగలిగితే అతుకు కనబడదు.

లఘుగురు:
ఆ దారిలోనే ఒకటి.

జీతగాని లెక్క చిత్రమౌ గద నెల
చివరి రోజు జేబు చిల్లి పడును
మార్చి మాసమందు మన కున్న ముప్పది
యొకటి కొకటి కలుప నొకటె యగును

వర్గమూలం:
ముప్పదియొకటికి ఒకటి కలిపితే ఒకటో తేదీ! 31 + 1 = 1. "ఒకటి" పైపాదంలోని "ముప్పది"ని పట్టుకోగానే సమస్యలో అసంభవం పోయింది, "గాన" అవసరమూ పోయింది. ఆఖరి గణం ముప్పది, అంటే భగణం, ఇంద్రగణమే. లెక్కకూడా నిక్కమైనదే: 31తో భాగిస్తే 32కి శేషం 1. మార్చి అని నెల పేరు చెప్పడం మంచిదైంది. 31 రోజుల నెలలు ఏడే. ఏప్రిల్ పెట్టి ఉంటే ముప్పదియొకటో తేదీయే లేదు.

ఛందోమిత్ర:
ఒక్క చిన్న మాట. రెండో పాదంలో "జేబు చిల్లి పడును" కన్నా "జేబుకు చిల్లి" వాడుక. గణం కోసం "కు" పోయింది. "చివరి రోజు జేబు చిక్కిపోవు" అంటే విభక్తి గొడవ ఉండదు, యతీ ఉంటుంది.

బీజగణితం:
రెండో పనికి దిగాను. ఇరవై దగ్గర ఆగిపోయింది.

ఐదు నైదు కలుప నగు పది, దానికి
పదిని కలుప వచ్చు నిరవై లెక్క

ఛందోమిత్ర:
మొదటి పాదం నిర్దోషం. రెండో పాదంలో యతి లేదు (ప, ని), గణమూ లేదు. "ఇరవై" రెండు లఘువుల మీద గురువు, అంటే సగణం. అది సూర్యగణాల్లో లేదు, ఇంద్రగణాల్లోనూ లేదు. అంకెల పద్యం రాసేవాళ్ళు ముందు ఏ అంకె ఏ గణమో చూసి పెట్టుకుంటే సగం పని అయిపోతుంది.

ఒకటి నగణం. రెండు, మూడు, నాల్గు, ఐదు, ఆరు, ఏడు గలాలు (గురువు, లఘువు). అంటే ఒకటి నుంచి ఏడు దాకా అన్నీ సూర్యగణాలే! సున్న, నూరు, వేయి, లక్ష, కోటి కూడా అంతే. ఎనిమిది నలం (నాలుగు లఘువులు), తొమ్మిది భగణం (గురువు, రెండు లఘువులు), కనుక ఇంద్రగణాలు. నాలుగుకు రెండు వేషాలు: "నాల్గు" అంటే సూర్యుడు, "నాలుగు" అంటే భగణం కాబట్టి ఇంద్రుడు. పదకొండు, పదమూడు, పదునాల్గు, పదునైదు, పదునారు, పదునేడు సలాలు (రెండు లఘువులు, గురువు, లఘువు), పన్నెండు తగణం (రెండు గురువులు, లఘువు). పద్దెనిమిది "పద్దె, నిమిది" అని విరిగి రెండు సూర్యగణాల్లో అచ్చంగా కూర్చుంటుంది. పంతొమ్మిది మాత్రం తగణం అయ్యాక ఒక లఘువు మిగులుస్తుంది, దాన్ని తర్వాతి మాటకు అప్పగించాలి. "పది" రెండు లఘువులే. ఒంటరిగా నిలబడదు, పదియు, పదిని అని మూడో లఘువు ఇవ్వాలి.

పదుల్లో వాడుక రూపాలు మోసం చేస్తాయి. ఇరవై, నలభై, అరవై, ఎనభై సగణాలు. ముప్పై, యాభై, డెబ్బై, తొంభై రెండేసి గురువులు. ఒంటరిగా ఒక్కటీ గణం కాదు. పాత రూపాలు వాడండి: ఇరువది, నలువది, అరువది, ఎనుబది నలాలు, ముప్పది, ఏబది, డెబ్బది, తొంబది భగణాలు.

మీ రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే కావాలి కదా, "ఇరువది"ని రెండు గణాల మీద పరవండి:

నింకఁ బదిని కలుప నిరువదియగు

నింక, పదిని, కలుప, నిరువ, దియగు. ఇ, ఇ యతి.

లఘుగురు:
ఇరవై అంటే కాళ్ళూ చేతుల వేళ్ళన్నీ అయిపోయినట్టే కదా. ఆ రెండు పాదాలకు ముగింపు ఇది.

కాలి చేతి వ్రేళ్ళు కడతేరె నిక లెక్క
సాగ నెంచితేని జంట వలయు

సా, జం యతి. "ఎంచు"కు లెక్కించడం అనే అర్థమూ ఉంది, ఇక్కడ రెండూ పనిచేస్తాయి.

వర్గమూలం:
నాదీ రెండో పనే. సున్నతో ముగించాను.

ఏడు మూడులందు నెనిమిది కలుపంగ
నందు నైదు తీసి యారు చేత
పంచ నాల్గు వచ్చు పదిమంది మెచ్చంగ
నాల్గు తీసివేయ నాకు సున్న

ఛందోమిత్ర:
ఈ వారం నాకు బాగా నచ్చినది ఇదే. లెక్క వేసి చూశాను: 7 × 3 = 21, దానికి 8 కలిపితే 29, అయిదు తీస్తే 24, ఆరుతో భాగిస్తే 4, నాలుగు తీస్తే 0. నాలుగు పాదాలు నడిపించి చేతిలో సున్న పెట్టారు. "నాల్గు, నాకు" యతి నవ్వు దగ్గరే పడింది.

రెండు చోట్ల మార్చాలి. "మూడులు" తెలుగు కాదు. ఎక్కంలో "ఏడు మూళ్ళు ఇరవై ఒకటి" అంటాం. "ఏడు మూళ్ళయందు" అనండి, గణాలు అవే ఉంటాయి. "పదిమంది మెచ్చంగ" యతి కోసం వచ్చిన వ్యర్థపదం. పైగా అంకెల పద్యంలో "పది" కనబడగానే చదివేవాడు దాన్నీ లెక్కలో వేసుకుంటాడు, మొత్తం తప్పుతుంది. మిగిలిన నాలుగూ ఎటు పోయాయో చెప్పండి:

పంచ నాల్గు వచ్చు బాకీల కందులో
నాల్గు తీసివేయ నాకు సున్న

పం, బా యతి. ఇప్పుడు సున్నకు కారణం దొరికింది, హాస్యం అక్కడే ఉంది.

బీజగణితం:
ఒక సందేహం. కాగితం మీద 7 × 3 + 8 − 5 ÷ 6 − 4 అని వరసగా రాస్తే ముందు 5 ÷ 6 చేయాలి కదా? కుండలీకరణాలను పద్యంలో ఎలా చదవాలి?

ఛందోమిత్ర:
చదవనక్కరలేదు, వ్యాకరణమే ఆ పని చేస్తోంది. "అందు నైదు తీసి" అనగానే అంతవరకు వచ్చిన మొత్తమంతా "అందు"లోకి చేరింది. "తీసి" క్త్వార్థం, అంటే ఆ పని ముగిశాకే తర్వాతి పని. మూసే కుండలీకరణం అదే. "తీసి"కి బదులు "తీయు" అని క్రియ ముగించి ఉంటే లెక్క అక్కడే తెగిపోయేది. గుర్తులకు మాటలు కూడా ముందే ఎంచుకోండి: కూడికకు కలుప, చేర్చ, తీసివేతకు తీయ, భాగహారానికి పంచ, గుణకారానికి ఎక్కం తీరులో "ఏడు మూళ్ళు" చాలు, వేరే క్రియ అక్కర్లేదు. సమానం గుర్తుకు అగును, వచ్చు, మిగులు. వీటిలో "వచ్చు" గలం, మిగతా రెండూ నగణాలు. అన్నీ సూర్యగణాలే కాబట్టి సూర్యగణం కావలసిన ఏ చోటనైనా ఇముడుతాయి. గణితవేత్త మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించిన పావులూరి మల్లన పద్యాలు చూడండి, లెక్కల క్రమాన్ని ఒక్క గుర్తూ లేకుండా క్రియలతోనే ఎలా నడిపాడో తెలుస్తుంది.

నిర్వాహకుడు:
పూరణలను, వాటి సవరణలను పైన అలాగే ఉంచుతున్నాను. వచ్చే వారానికి మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే. గుర్తుల్లో 3 − 2 = 2. యతి రె, రె. "మూట" అనే మాటను ఎన్ని రకాలుగా చదవవచ్చో చూసుకుని రండి.

రెండు తీయ మూట రెండె మిగులు