లేపాక్షి పైకప్పులోని కబాయి, కుళ్ళాయి: ఎవరైనా కుట్టారా?

సూదిదారం_అనంతపురం
అందరికీ నమస్కారం. పాతకాలం బట్టలు చూసి కుట్టడం నాకు ఇష్టం. ఇంతవరకు మా అవ్వల కాలం నాటి రవికలు, పసిపిల్లల చొక్కాలు కుట్టాను. ఇప్పుడు మనసంతా లేపాక్షి మీద ఉంది. వీరభద్రస్వామి గుడి పైకప్పులో గుడి కట్టించిన అన్నదమ్ములు విరూపన్న, వీరన్న పరివారంతో నిలబడిన బొమ్మ ఉంది కదా, అందులో మగవాళ్ళు వేసుకున్న పొడుగు కబాయి, అంటే అంగీ, తల మీది నిలువు కుళ్ళాయి, అంటే టోపీ, మా తమ్ముడి కొలతలకు కుట్టాలని. నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే చోట అడిగితే రాయలవారి డ్రెస్ అని ఎర్ర వెల్వెట్ కోటు, చెమ్కీ కిరీటం తీసి చూపించారు. గుడిలో నాకు అలాంటిది కనబడలేదు. బట్ట ఏది, కటింగ్ ఎట్లా, తెలిసినవాళ్ళు చెప్పండి.

హిందూపురం_కుర్రోడు
అక్కా, మాకు గుడి పక్కనే కాబట్టి చాలాసార్లు పోయాను. ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేసుకుంటే సరిపోదు. రంగు పెచ్చు ఊడిన చోటు కూడా బట్ట మీది బుటా పువ్వులాగే కనిపిస్తుంది. చిన్న బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి, పెన్సిల్‌తో అక్కడే గీసుకోండి. చేతులు మణికట్టు దాకా ఉన్నాయా, మెడ ఎట్లా ఉంది, అంగీ మోకాలి కింద ఎంతవరకు దిగింది, ఈ మూడూ మనిషి మనిషికీ విడిగా రాసుకోండి. అందరివీ ఒకటే కాదు. చాలాచోట్ల అంగీ పల్చగా ఉండి లోపలి పంచె ఛాయగా తెలుస్తుంది.

ఆడవాళ్ళ చీరలైతే ఒకదాన్ని పోలినది ఇంకొకటి లేదు. గళ్ళు, చారలు, పూలు. కొంగు కొస గంజి పెట్టినట్టు బిరుసుగా, మొనదేలి బయటికి వస్తుంది. ఆ కొంగు ఒక్కటి చూడ్డానికే మళ్ళీ మళ్ళీ పోవచ్చు.

కడప_టైలర్
అమ్మా, కటింగ్ సంగతి నేను చెప్తా. ఇప్పుడు మనం కుర్తాకు చేసినట్టు చంక గుండ్రంగా తీయొద్దు, డార్టులు వేయొద్దు. పాత పద్ధతి అంగీ అంతా తిన్నని ముక్కలే. ఒంటి ముక్క ఒకటే పొడుగు గుడ్డ. భుజం దగ్గర మడత వస్తుంది, ముందూ వెనకా అదే. చేతులు రెండు పొడుగు ముక్కలు, మణికట్టు వైపు కొంచెం సన్నం. ఘేరు, అంటే కింది వెడల్పు, కోసం రెండు పక్కలా నడుము నుంచి కిందికి కలీలు, అంటే మూడు మూలల ముక్కలు. ఒక నిలువు ముక్కను ఏటవాలుగా కోస్తే రెండు కలీలు వస్తాయి, గుడ్డ దండగ కాదు. మగ్గం మీద నేసినవాళ్ళ కష్టం తెలిసినవాళ్ళ కటింగ్ అది.

అసలు కీలకం చంక కింద పెట్టే చదరపు ముక్క. నాలుగంగుళాలది కోసి, మూల కిందికి వచ్చేటట్టు తిప్పి కుట్టండి. చెయ్యి పైకెత్తినప్పుడు లాగుడంతా ఆ ముక్క మీద ఏటవాలుగా పడుతుంది, ఏటవాలున గుడ్డ సాగుతుంది కాబట్టి అంగీ పైకి లేవదు, చిరగదు. ఇది లేకుండా తిన్నని చెయ్యి తగిలిస్తే మనిషి చెయ్యెత్తలేడు. ముందు పాత దుప్పటి మీద కచ్చాకుట్టు వేసి తమ్ముడికి తొడిగించి చూడమ్మా. మూలల దగ్గర టాకా గట్టిగా పడాలి.

జిప్పు, ప్రెస్ బటన్ జోలికి పోవద్దు. అదే గుడ్డతో సన్నటి నాడాలు చేసి ముడి వేసుకునేటట్టు పెట్టండి.

ఎమ్మిగనూరు_మగ్గం
బట్ట గురించి. మిల్లు పాప్లిన్‌తో కుడితే ఆ పలచదనం రాదు, నిలబడిపోతుంది. మాది నేత కుటుంబమే. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సంఘం నీడలో పెరిగిన ఊరు. కానీ ఉన్నమాట చెప్పాలి, మా దగ్గర ఎక్కువగా వచ్చేది దుప్పట్లు, టవళ్ళ లాంటి దళసరి నేత. కబాయికి వంద నెంబరు నూలు, అంటే బాగా సన్నటి దారం కావాలి. వెంకటగిరి తెల్లచీర దొరికితే తీసుకోండి, లేదా పొందూరు సన్న ఖద్దరు. మన సీమలోనే కావాలంటే కడప జిల్లా మాధవరం నేతగాళ్ళను అడిగి చూడండి. ముందు ఉతికి గంజి పూర్తిగా వదిలించాకే కొలత పెట్టండి. గంజితో ఉన్న గుడ్డ కోస్తే తర్వాత పొడుగు తగ్గుతుంది.

పద్యనాటకం_ప్రేమికుడు
నాదొక మాట. వెల్వెట్ డ్రెస్‌ను తీసిపారేసినట్టు మాట్లాడకండి. సురభి నాటకం పుట్టింది మన కడప జిల్లా సురభి ఊళ్ళో, 1885లో. పెట్రోమాక్స్ వెలుగులో పదో వరసలో కూర్చున్నవాడికి కూడా రాజెవరో తెలియాలి, అందుకే మెరుపు, అందుకే చెమ్కీ. ఆ డ్రెస్సులకు కూడా వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. వాటిని కూడా ఎవరైనా కొలతలు తీసి, గీసి పెట్టాలి. పెట్టెల్లో చివికిపోతున్నాయి.

కర్నూలు_పంతులమ్మ
మీరు చెప్పింది నిజం అన్నా. అది స్టేజీ చరిత్ర, దానికి దాని గౌరవం ఉంది. కానీ దాన్ని రాయల కాలం దుస్తులని పిల్లలకు చూపిస్తేనే నాకు బాధ.

కాగితం మీది ఆధారాలు నాకు తెలిసినవి చెప్తాను. 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరం వచ్చి, దేవరాయలు పట్టు అంగీ తొడుక్కుని మెడలో ముత్యాలహారంతో ఉన్నాడని రాశాడు. ఆ ప్రౌఢదేవరాయల దర్బారు గురించే శ్రీనాథుడి పేరున చాటువు ఉంది. కుళ్ళాయి పెట్టాను, కోక చుట్టాను, పెద్ద కూర్పాసం (అంగీ) తొడిగాను, ఇంకా దయ రాలేదా అని కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకుంటాడు. అంటే ఆ కొలువులోకి పోవాలంటే ఆ వేషం తప్పదన్నమాట! అరబ్బు, పారశీక దేశాల పద్ధతి అంగీ, టోపీ మన రాజులు కొలువు దుస్తులుగా చేసుకున్నారు. తర్వాత 1520 ప్రాంతంలో పోర్చుగీసు యాత్రికుడు పేస్ చూసిన కృష్ణరాయలు తెల్లబట్టల్లో ఉన్నాడు, వాటి మీద బంగారు గులాబీల పని, తల మీద జరీ టోపీ, కాళ్ళకు చెప్పులు లేవు. మఖమల్, అంటే వెల్వెట్, అప్పట్లో లేదని కాదు, మక్కా వైపు నుంచి వచ్చేదని పేసే రాశాడు. మనం షాపులో చూసేది మాత్రం నైలాన్.

లేపాక్షి గుడి 1530ల నాటిది, అచ్యుతరాయల కాలం. కాబట్టి అబ్దుర్ రజాక్ కంటే పేస్ మాటలే మీ కబాయికి దగ్గర.

ప్రొద్దుటూరు_జరీ
కుళ్ళాయి నేను చేశాను. ఆకారానికి తిరుమలలో మహాద్వారం దాటగానే ఉన్న రాయలవారి రాగి విగ్రహం చూడండి, లేపాక్షి బొమ్మ ఒక పక్క నుంచే కనిపిస్తుంది, విగ్రహమైతే చుట్టూ తెలుస్తుంది. తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు అనుకోండి. 36 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో పావు వృత్తం గీస్తే వంపు 56న్నర వస్తుంది, అంచులు రెండూ కలిపితే కుళ్ళాయి అయిపోతుంది. కుట్టుకు విడిగా గుడ్డ వదలండి. ఇంకా పొడుగు కావాలంటే వ్యాసార్ధం పెంచి, వంపు మాత్రం తల కొలతకే ఆపేయండి. కొస మరీ సూదిలా ఉండకూడదు, లోపల దూది పెట్టి గుండ్రం చేయండి.

బిరుసుకు ప్లాస్టిక్ షీట్ వద్దు, ఎండలో తల ఉడికిపోతుంది. పాత నూలుపంచె మూడు పొరలు చింతగింజల జిగురుతో అంటించి, గుండ్రటి చెంబు మీద ఆరబెట్టాను. పైన ధర్మవరం చీర పాతది, జరీ నిలిచిన భాగం కోసి వేశాను.

రంగుల_పిచ్చి
తెలుపు కాకుండా నడికట్టుకు రంగు కావాలంటే మన అనంతపురం దానిమ్మ తొక్కలు చాలు. గుడ్డను ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, తర్వాత పటిక నీళ్ళలో, ఆ తర్వాత తొక్కల కషాయంలో. పసుపు వస్తుంది. నూలుకు పటిక ఒక్కటే సరిగా పట్టదు, కరక్కాయ వగరు దాన్ని పట్టి ఉంచుతుంది. ఎరుపుకు తొక్కల బదులు మంజిష్ఠ వేరు.

లేపాక్షి బొమ్మల్లో నీలం దాదాపు లేదు. దాన్ని బట్టి ఆ కాలంలో నీలి బట్ట లేదనుకోవద్దు, అది గోడమీద చిత్రకారుడి రంగుల సంగతి. మన కడప వైపు నీలిమందు మద్రాసు మీదుగా విదేశాలకు పోయేది, 1897లో జర్మనీ వాళ్ళ కృత్రిమ నీలి మార్కెట్లోకి వచ్చాక పడిపోయింది.

సూదిదారం_అనంతపురం
ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ దండం. ఒక సందేహం. అంగీ అంచుకు అదే గుడిలోని లతామండపం స్తంభాల మీది డిజైన్ కుట్టవచ్చా? లేపాక్షి బార్డర్ అని చీరల మీద అందరూ అవే వేస్తున్నారు.

హిందూపురం_కుర్రోడు
అవి రాతి మీద చెక్కినవి అక్కా. అప్పటి గుడ్డ మీద ఏముందో కావాలంటే తల పైకెత్తాల్సిందే. పైకప్పులో చీరల గళ్ళు, పూలు అన్నీ బట్ట మీదివే కదా, వాటి నుంచే తీసుకోండి.

కడప_టైలర్
అవునమ్మా. అయినా ఆ పల్చటి గుడ్డ అంచున బరువు పని పెడితే కిందికి లాగుతుంది, ఘేరు పాడవుతుంది. సన్నగా మడిచి చేత్తో కుట్టేయండి, పని ఏదైనా ఉంటే నడికట్టు మీద చూపించండి. ఈసారి పోయినప్పుడు నడికట్టు ముడి ముందుందా, పక్కకుందా చూసి రాయండి, నాకూ కావాలి.