తిరుమల ఘాట్ దిగుతుంటే బ్రేకులు పడలేదు, మెకానిక్ ఏమో ఏమీ లేదంటున్నాడు

ఉప్పల్ బండి · మధ్యాహ్నం 12:40
అందరికీ నమస్కారం. పొద్దున ఎనిమిదిన్నర నుంచి తిరుపతిలోనే రోడ్డు పక్కన పడి ఉన్నాం. కొండ దిగుతూ ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటాక బ్రేకులు పడటం మానేశాయి. ఎంత తొక్కినా బండి ఆగదు. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన, కొంచెం పొగ. హ్యాండ్ బ్రేక్ లాగి, గోవిందా గోవిందా అనుకుంటూ ఎలాగో ఒక పక్కకి తెచ్చి ఆపాను. అమ్మ చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. అరగంట ఆగి చూస్తే ఏమీ జరగనట్టు మామూలుగా పడుతున్నాయి! కిందికొచ్చి ఇద్దరు మెకానిక్‌లకి చూపించాను. ఒకాయన పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ పోయింది, సామాను రేపొస్తుంది అన్నాడు. ఇంకొకాయన వీధి చివరిదాకా నడిపి చూసి, బ్రహ్మాండంగా ఉంది, వెళ్లిపోండి అన్నాడు. ఎవరి మాట వినాలి? రాత్రికి హైదరాబాద్ చేరాలి, రేపు ఆఫీసు. బ్రేకుల పవర్ పెంచడానికి ఏం వేయించాలో కూడా చెప్పండి. అర్జెంట్.

పాత డీజిల్ · 12:44
ఏ గేర్లో దిగారు?

ట్రాక్ డే · 12:51
బ్రో, ఇది పక్కా బ్రేక్ ఫేడ్. కంపెనీ ఇచ్చే బ్రేకులు సిటీ ట్రాఫిక్‌కి తప్ప దేనికీ పనికిరావు. ముందు గాట్లున్న డిస్కులు, వాటిని పట్టి ఆపే సెరామిక్ ప్యాడ్లు వేయించు. రబ్బరు హోసులు తీసేసి స్టీలు అల్లిక ఉన్నవి పెట్టించు. వెనక డ్రమ్ములు కూడా పీకించి డిస్కులు వేయిస్తే ఇంక తిరుగుండదు. నా బండికి అన్నీ చేయించాను. ఫొటోలు కావాలంటే పెడతా.

ఆటోనగర్ పానా · 13:02
వాళ్లు తిరుపతి రోడ్డు మీద కూర్చుని ఉంటే నువ్వు వెనక డిస్కులు అంటావేంటి తమ్ముడూ. బ్రేక్ కొట్టగానే బరువు ముందుకి తూగుతుంది. మూడొంతుల్లో రెండొంతుల పైన పని ముందు చక్రాలదే. వెనక డ్రమ్ములు మార్చినంత మాత్రాన ముందు వేడి తగ్గదు.
ఉప్పల్ గారూ, ఒక్కటి చెప్పండి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగలేదా? లేక పెడల్ మెత్తగా అయిపోయి కిందికంటా దిగిపోయిందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు.

ఉప్పల్ బండి · 13:05
సార్, ఆ టెన్షన్‌లో పెడల్ గట్టిదో మెత్తదో ఎవరు చూస్తారు. బ్రేక్ ఫెయిల్ అంటే ఫెయిలే కదా.

చాక్‌పీస్ · 13:21
ఫెయిల్ వేరు, ఫేడ్ వేరు. ఈ రెండు మాటలూ కలిపేయడం వల్లే సగం గందరగోళం. పైపు తెగి బ్రేక్ ఆయిల్ కారిపోతే ఫెయిల్. అంతా సవ్యంగా ఉండి, వేడికి పట్టు సడలిపోతే ఫేడ్. చల్లారగానే తిరిగి వచ్చిందంటున్నారు కాబట్టి మీది రెండోదే.
ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, లెక్క వేయకుండా ఉండలేను. బండి, మనుషులు, సామాను కలిపి 1,400 కిలోలు అనుకుందాం. కొండ మీది నుంచి అలిపిరికి దిగడమంటే దరిదాపు 700 మీటర్లు కిందికి రావడం. గుణిస్తే 96 లక్షల జౌళ్లు వస్తాయి. అంటే సుమారు 33 లీటర్ల చన్నీళ్లని మరిగించేంత వేడి. కొంత గాలికి, టైర్లకి పోగా మిగిలిందంతా ఇంజన్ అయినా పీల్చుకోవాలి, బ్రేకులైనా మింగాలి. మూడో దారి లేదు.
దిగడానికి కనీసం 40 నిమిషాలు అని దేవస్థానం వాళ్లు పెట్టిన నియమం కూడా ఈ లెక్కకి చక్కగా సరిపోతుంది. ఆ వేడి 40 నిమిషాల మీద పరిస్తే రెండు కిలోవాట్ల గీజర్లు రెండు వెలిగినట్టు. 20 నిమిషాల్లో దిగితే నాలుగు వెలిగినట్టు. వేడి మొత్తం ఒకటే, అది బయటికి పోవడానికి ఉన్న సమయం మాత్రం సగమైపోతుంది.

పాత డీజిల్ · 13:23
ఏ గేర్లో దిగారో ఇంకా చెప్పలేదు.

డాట్ ఫోర్ · 13:30
మాస్టారు గారికి నమస్కారం పెడుతూనే ఒక అభ్యంతరం. దాన్ని 'ఆయిల్' అనకండి. అది బ్రేక్ ఫ్లూయిడ్. గ్లైకాల్ జాతిది. నిజంగా ఆయిల్ అనుకుని ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోసినవాళ్లని నేను చూశాను. రబ్బరు వాషర్లన్నీ ఉబ్బిపోయి మొత్తం సిస్టం విప్పాల్సి వచ్చింది. మాట తప్పయితే పనీ తప్పవుతుంది.

ఆటోనగర్ పానా · 13:34
పాతికేళ్లుగా బ్రేక్ ఆయిల్ అనే అడుగుతున్నా, కొట్టువాడు ఒక్కసారి కూడా వేరేది ఇవ్వలేదు. డబ్బా మీద డాట్ అని రకం రాసుందా లేదా, అది చూసుకుంటే చాలు.

డాట్ ఫోర్ · 13:36
మీకు తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియనివాడి సంగతి?

ఉప్పల్ బండి · 13:41
అయ్యా, మీ పేరు పంచాయితీ తర్వాత. మా ఆవిడ్ని అడిగాను, పక్క సీట్లో ఆమే ఉంది. మొదట నేను "గట్టిగా తొక్కుతున్నా ఆగట్లేదు" అని అరిచానట. తర్వాత కాసేపటికి "కాలు లోపలికి పోతోంది" అన్నానట. రెండూ జరిగాయేమో. అయినా బ్రేకుల విషయంలో నేను అశ్రద్ధ చేసే మనిషిని కాదు. కొండకి వస్తున్నామనే శుక్రవారం సాయంత్రం కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు వేయించి శనివారం తెల్లారి బయల్దేరాం.

ఆటోనగర్ పానా · 13:52
ఈ ముక్క మొదటే చెప్పాలి గదండీ!
కొత్త ప్యాడ్, కొత్త డిస్కు ఒకదానికొకటి సర్దుకోవాలి. మేం 'సెట్ అవడం' అంటాం. ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి ఇరవైకి ఓ మోస్తరుగా బ్రేక్ కొట్టి వదలడం, కాస్త గాలి తగలనివ్వడం, మళ్లీ కొట్టడం, ఇలా పది పదిహేను సార్లు చేయాలి. పూర్తిగా ఆపి, కాలు అదిమి ఉంచకూడదు. మీరు హైవే మీద సాఫీగా వచ్చి నేరుగా ఘాట్‌లో పడ్డారు. కొత్త ప్యాడ్‌లోని జిగురు మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు ఆవిరై డిస్కుకీ ప్యాడ్‌కీ మధ్య చేరుతుంది. అప్పుడు ఎంత గట్టిగా తొక్కినా పట్టదు. మీ మొదటి కేక అదే.
రెండోది ఆయిల్ మరగడం. ఆయిల్‌ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి బుడగని నొక్కితే కుదించుకుంటుంది. అందుకే కాలు లోపలికి పోయింది. చల్లారాక బుడగలు కరిగిపోతాయి, పెడల్ పైకొస్తుంది. చల్లటి బండిని వీధి చివరిదాకా నడిపినవాడికి ఏం దొరుకుతుంది చెప్పండి? ఆయన అబద్ధమాడలేదు.
ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది?

ఉప్పల్ బండి · 13:55
మార్చడమా? తగ్గితే పోస్తారు కదా. ప్యాడ్లు వేసినప్పుడు చూశాడు, ఫుల్‌గానే ఉందన్నాడు. బండి 2018ది.

డాట్ ఫోర్ · 14:03
ఇందుకే నేను గంట నుంచి మొత్తుకుంటున్నది. ఈ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీలుస్తుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఘాట్‌లో ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ దగ్గర ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. పైగా డబ్బాలో ఫుల్‌గా ఉండటానికి, కింద క్యాలిపర్‌లో బాగుండటానికి సంబంధం లేదు. ఇంజన్ ఆయిల్‌లా అది తిరగదు, ఎక్కడిది అక్కడే ఉంటుంది. పైన పోసింది పైనే. రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది నింపాలి. మీది అన్నేళ్ల నుంచి అదే.

ఆటోనగర్ పానా · 14:06
ఆయన చెప్పింది కరెక్టే. ఆయిల్ మార్చండి.

డాట్ ఫోర్ · 14:06
ఫ్లూయిడ్.

పాత డీజిల్ · 14:08
గేరు?

ఉప్పల్ బండి · 14:10
ఆటోమేటిక్ సార్! గేర్లు మార్చే పనే లేదు. డీ లోనే ఉంచాను, అదే చూసుకుంటుంది కదా. పాదం బ్రేక్ మీద నుంచి తీయకుండా చాలా జాగ్రత్తగా దిగాను. బండిలో పెద్దవాళ్లం ఐదుగురం, పిల్లలు ఇద్దరు.

పాత డీజిల్ · 14:11
చూసుకోదు.

ఘాట్ డ్యూటీ · 14:30
బాబూ, నేను ఆర్టీసీలో చేసి రిటైర్ అయినవాణ్ణి. కొండ రూటు కూడా చేశాను. మాకు మొదటి రోజే చెప్పిన మాట: ఎక్కిన గేర్లోనే దిగాలి. ఇంజన్ పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపులకి మాత్రమే. పాదం తీయకుండా దిగడం జాగ్రత్త కాదు బాబూ, బ్రేకుల్ని పొయ్యి మీద పెట్టడం. ఆ పాత ఘాట్‌లో పొద్దున పూట నడిచి చూడు, ఒక్కో మలుపులో కారు కారుకీ మాడు వాసన కొడుతుంది. అందరూ హైవే డ్రైవర్లే.
గట్టిగా కొట్టి వేగం తగ్గించుకో, పూర్తిగా వదిలెయ్, మళ్లీ కొట్టు.

చాక్‌పీస్ · 14:42
అయ్యా, మీ అనుభవాన్ని కాదనను. కానీ సగటు వేగం ఒకటే అయితే, నొక్కి ఉంచినా వదిలి వదిలి నొక్కినా పుట్టే వేడి మొత్తం ఒకటే.

ఘాట్ డ్యూటీ · 14:49
మీ లెక్క మీది సార్. వదిలినప్పుడు ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య గాలి ఆడుతుందా లేదా?

చాక్‌పీస్ · 14:58
ఆ సందు వెంట్రుకవాసి. అయితే రాపిడి లేని ఆ క్షణాల్లో ప్యాడ్ ముఖం కొంత తేరుకుంటుందన్నది ఒప్పుకుంటాను. అసలు లాభం మాత్రం ఇంజనే. గేరు విషయంలో మీతో నాకు పేచీ లేదు.

ట్రాక్ డే · 15:04
ఇంజన్ బ్రేకింగ్ అంటూ నాలుగు వేల ఆర్పీఎంలో దింపితే ఇంజన్ బతుకుతుందా? పెట్రోల్ కూడా దండగ. ప్యాడ్లు చవక, ఇంజన్ ఖరీదు.

పాత డీజిల్ · 15:05
పాదం యాక్సిలరేటర్ మీద లేకపోతే ఇంజెక్టర్లు మూసుకుంటాయి. పెట్రోల్ సున్నా.

డెన్వర్ తెలుగు · 15:20
ఇక్కడ కొలరాడోలో పైక్స్ పీక్ అని ఒక కొండ ఉంది, శిఖరం దాకా కార్లో వెళ్లొచ్చు. దిగేటప్పుడు సగం దారిలో రేంజర్ ఆపి, ప్రతి బండి బ్రేకుల వేడి ఒక గన్‌తో కొలుస్తాడు. ఎక్కువ ఉంటే పక్కకి పెట్టి చల్లారేదాకా కూర్చోమంటాడు. మొదటిసారి నన్నూ కూర్చోబెట్టాడు, నాదీ డీ లోనే. తిరుమలలోనూ అలాంటిది పెడితే బాగుంటుంది.

ఘాట్ డ్యూటీ · 15:26
తిరుమలలో మనవాళ్లు వేగంగా దిగేసి, టైము సరిపెట్టడానికి కింద గేటుకి ముందు చెట్టు నీడన ఆగుతారు బాబూ. అదే ఆగడం మధ్యలో ఆగితే బ్రేకులన్నా చల్లారేవి.

ఉప్పల్ బండి · 15:28
మేమూ అలాగే ఆగుదామనుకున్నాం, నిజం చెప్పాలంటే. సరే, ఇప్పుడు నేనేం చేయాలి? ఒక్కరు చెప్పండి చాలు.

ఆటోనగర్ పానా · 15:41
నేను చెప్తా. మాస్టర్ సిలిండర్ సంగతి మీరే తేల్చుకోవచ్చు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, బండి కదలకుండా, పెడల్‌ని ఒక మోస్తరు బలంతో నిమిషం పాటు నొక్కి పట్టండి. నెమ్మదిగా కిందికి జారుతుంటే సిలిండర్‌లో వాషర్ పోయినట్టే, బండి కదపకండి. నిలబడితే ఈరోజుకి దాని జోలికి పోవద్దు.
తర్వాత ముందు చక్రాలు విప్పించి ప్యాడ్లు చూడండి. ముఖం అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో కాస్త గీకిస్తే సరిపోతుంది. అంచులు పొడి రాలుతున్నా, పగుళ్లున్నా కొత్తవి వేయండి. డిస్కు మీద సన్నటి చీలికలు లేవని చూసుకోండి. పిస్టన్ మీది రబ్బరు మాడిందేమో కూడా.
ఆయిల్ నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా పోయి కొత్తది వచ్చేదాకా తీయించి, ఎయిర్ తీయించండి. మూత మీద డాట్ ఎంతని రాసుందో అదే, సీలున్న చిన్న డబ్బా మీ ఎదురుగా తెరిపించండి. సగం వాడి మూలన పెట్టినది వద్దు.
వేడిగా ఉన్న డిస్కు మీద ఎవడైనా మగ్గుతో నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకోండి.

ఘాట్ డ్యూటీ · 15:50
ఇంకోసారి కొండ దిగేటప్పుడు ఆ లివర్‌ని మాన్యువల్ వైపు లాగి రెండులో పెట్టు. గట్టి మలుపుల్లో ఒకటి. పెడల్ మెత్తబడ్డట్టు అనిపిస్తే చకచకా నాలుగైదు సార్లు తొక్కు, కాస్త పైకొస్తుంది. ఇంజన్ మాత్రం ఆపకు. ఆపితే రెండు మూడు తొక్కుల తర్వాత పెడల్ బండరాయే, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. న్యూట్రల్ అసలే వద్దు.

డాట్ ఫోర్ · 15:57
డాట్ 5 మాత్రం పోయించకండి. నంబరు పెద్దదని మోసపోతారు. అది సిలికాన్, దీంతో కలవదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాలే, 260 డిగ్రీలు. ఎందుకో ఈ పేర్లు పెట్టినవాళ్లకి

డాట్ ఫోర్ · 15:58
సగంలో పోస్టయింది. ఎందుకో ఈ పేర్లు పెట్టినవాళ్లకి జనం మీద కక్ష ఉన్నట్టుంది.

ట్రాక్ డే · 16:10
5.1 పోసి, గాట్ల డిస్కులు వేస్తే ఆటోమేటిక్ అయినా

ఆటోనగర్ పానా · 16:12
వదిలెయ్ తమ్ముడూ.

ఉప్పల్ బండి · రాత్రి 9:35
మైదుకూరులో టీ తాగుతున్నాం. పెడల్ నిమిషం నిలబడింది. ఆయిల్ తీస్తే డికాక్షన్ రంగులో వచ్చింది. ప్యాడ్లు గీకించాం. రేపు ఆఫీసుకి సెలవు పెట్టేశాను. థ్యాంక్స్ అందరికీ.

చాక్‌పీస్ · 9:52
క్షేమంగా వెళ్లండి. ఒక చిన్న సవరణ: మధ్యాహ్నం 1,400 కిలోలు అన్నాను, మీరు ఏడుగురంటున్నారు కాబట్టి లెక్క కొంచెం పెరుగుతుంది. రేపు వేసి పెడతాను.

ట్రాక్ డే · 10:20
ఇంతకీ వెనక డ్రమ్ములు విప్పి చూపించారా?