ఇంటర్ లేకుండా చేసిన డిగ్రీ, ఫారంలో ఏం రాయాలి?

మాది రాజోలు దగ్గర. టెన్త్‌తో చదువు ఆపేసి, 2014లో ఇగ్నోలో ఆరు నెలల బీపీపీ (ఇంటర్ లేనివాళ్లకు డిగ్రీలో చేరే దారి అది) చేసి, ఆ దారినే బీఏ పూర్తి చేశాను. ఇప్పుడు ఒక పీజీ ఆన్‌లైన్ దరఖాస్తులో ‘ఇంటర్ హాల్‌టికెట్ నంబర్’ గడి నింపకపోతే పేజీ కదలడం లేదు. బీపీపీ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ కొట్టాను, తర్వాత టెన్త్ నంబర్ కూడా, రెండిటికీ ఎర్ర అక్షరాల్లో ‘చెల్లదు’ అనే వచ్చింది. హెల్ప్‌లైన్‌లో రెండుసార్లు అడిగితే ఒకరు డిగ్రీ చాలన్నారు, ఇంకొకరు ఇప్పుడు ఓపెన్ ఇంటర్ రాయమన్నారు. డిగ్రీ అయ్యాక ఇంటరా! రొయ్యల షెడ్డులో పని సాయంత్రం ఆరింటికి గానీ అవదు, ఊరికే తిరగలేను. గడువు ఇంకా తొమ్మిది రోజులే.

బీపీపీతో డిగ్రీ చేసి పీజీలో చేరినవాళ్లు ఆ గడిలో ఏం నింపారు?