2073లో తీరే అప్పు ఇప్పుడు చేయడం న్యాయమేనా?

చిట్టాపద్దు:
2023 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ కేంద్రం తరఫున మొదటిసారి 50 ఏళ్ళ బాండు వేలం వేసింది. 10,000 కోట్లు, వడ్డీ 7.46 శాతం, అసలు తీర్చేది 2073లో. మా పాప పుట్టింది సరిగ్గా ఆ నెలలోనే. అంటే దానికి యాభై ఏళ్ళు నిండేదాకా ఆ వడ్డీ నడుస్తూనే ఉంటుంది, ఆ తర్వాత అసలు. 2025-26 బడ్జెట్ చూస్తే కేంద్రానికి వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు అప్పు, పెట్టే ప్రతి రూపాయిలో 20 పైసలు పాత అప్పుల వడ్డీ. వడ్డీకి 12.76 లక్షల కోట్లు, రోడ్లు, రైళ్ళ లాంటి మూలధన ఖర్చుకి 11.21 లక్షల కోట్లు. తినేది మనం, బిల్లు పిల్లలకి. కాదంటారా? (రాష్ట్రాల అప్పులు మాత్రం ఎత్తకండి బాబూ, మూడో కామెంటుకే పార్టీల గొడవైపోతుంది.)

రిటైర్డ్ క్యాషియర్:
ముందు పాపకి ఆశీస్సులు. ఇక ఆ 50 ఏళ్ళ బాండ్లు ఎవరు కొంటారో ఆలోచించారా? బీమా కంపెనీలు, పీఎఫ్, పెన్షన్ ఫండ్లు. పాప పేరు మీద ఎల్‌ఐసీ పాలసీ తీసుకుని ఉంటే మీరు కట్టే ప్రీమియంలో కొంత చేరేది ఇలాంటి బాండ్లలోకే. కాబట్టి 2073లో కట్టే పిల్లలూ మనవాళ్ళే, పుచ్చుకునే పిల్లలూ మనవాళ్ళే. 1991 సంగతి వేరు, అప్పుడు డాలర్లలో బాకీ పడ్డాం, చేతిలో డాలర్లు లేవు, 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో తాకట్టు పెట్టాం. ఇప్పుడు కేంద్రం అప్పులో చాలా భాగం రూపాయల్లోనే, అదీ దేశంలోనే. దీన్ని ఇంటి అప్పుతో పోల్చకండి, నాకు 60 నిండగానే దండేసి ఇంటికి పంపారు, ప్రభుత్వానికి ఆ బాధ లేదు.

పొలంగట్టు:
మనవాళ్ళే మనవాళ్ళకి కడతారంటే ఎలా సార్? పుచ్చుకునేది పాలసీ, డిపాజిట్, పీఎఫ్ ఉన్నవాళ్ళు. మా ఊరికి మిరపకోతకి వచ్చే కూలీల్లో ఒక్కరికీ పీఎఫ్ లేదు, కానీ వాళ్ళు 300 రూపాయల రీచార్జ్ చేయిస్తే అందులో 45 రూపాయల పైచిలుకు జీఎస్టీకే పోతుంది. నాకైతే ఇది తరాల గొడవలా లేదు. ఒకే ఊళ్ళో ఒకడి జేబులోంచి ఇంకొకడి జేబులోకి పోవడమే.

చిట్టాపద్దు:
పొలంగట్టు అన్న చెప్పింది నిజమే, అది నా బుర్రకి తట్టలేదు. కానీ తరాల గొడవ కూడా ఉందన్నా. ఆయిల్ బాండ్లు చూడండి. క్రూడ్ ధర ఎగబాకుతుంటే పెట్రోల్, డీజిల్, గ్యాస్ రేట్లు జనానికి తక్కువగా ఉంచడానికి 2005 నుంచి 2010 దాకా కేంద్రం ఆయిల్ కంపెనీలకి డబ్బుకి బదులు బాండ్లు రాసిచ్చింది. 2008లో నేను ఇంజినీరింగ్, క్లాసులు ఎగ్గొట్టి పల్సర్ మీద ఊరంతా తిరిగేవాణ్ణి, ఆ పెట్రోల్ అసలు ధరలో కొంత నేను కట్టనే లేదు. 2014 నాటికి ఆ బాకీ 1.3 లక్షల కోట్ల పైమాటే, వడ్డీ ఏటా 10 వేల కోట్ల దాకా, చివరి బాండ్ల గడువు 2026. నా బండి తాగిన పెట్రోల్‌కి ఆ రోజుల్లో ఒకటో క్లాసులో ఉన్నవాడు ఇప్పుడు ఉద్యోగంలో చేరి పన్ను కట్టాడు. ఆ పల్సర్ ఎప్పుడో పాత ఇనుముకి పోయింది.

రిటైర్డ్ క్యాషియర్:
ఉదాహరణ బాగుంది. కానీ ఆ బాండ్లనే చూపించి 2021లో పెట్రోల్ సుంకం తగ్గించలేమన్నారు, గుర్తుందా? 2020-21లో పెట్రోల్, డీజిల్ మీద కేంద్రానికి వచ్చిన ఎక్సైజ్ 3 లక్షల కోట్లు దాటింది. అందులో బాండ్ల వడ్డీ ఏపాటి? పాతవాళ్ళ అప్పు అనేది పన్ను వెయ్యడానికి భలే సాకు.

సుద్దముక్క:
భావితరాలు అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. 2004 సెప్టెంబర్ తర్వాత ఏపీలో చేరిన టీచర్ని, మాకు సీపీఎస్, అంటే జీతంలోంచి మేమూ వాటా కట్టే కంట్రిబ్యూటరీ పెన్షన్. జీతంలో 10 శాతం కోత, చివరికి చేతికెంతొస్తుందో మార్కెట్ దయ. స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ సార్ ఆ తేదీకి ముందు చేరారు, ఆయనకి ఆఖరి జీతంలో సగం పెన్షన్. ఇద్దరం చెప్పేది అదే సిలబస్, దిద్దేది అవే పేపర్లు. పుట్టబోయేవాళ్ళ పేరు చెప్పి కోత పెట్టేది ఎప్పుడూ ఇప్పుడున్నవాళ్ళలో చిన్నవాళ్ళకే.

చిట్టాపద్దు:
మేడమ్, మీ కోపం న్యాయమే, కానీ పాత పెన్షన్ కూడా అప్పే, కాగితం ఉండదంతే. రేపు ఉద్యోగంలో చేరేవాడి పన్నుతో నిన్న రిటైరైనవాళ్ళకి ఇవ్వడమేగా అది.

నా గొడవ అప్పు మీద కాదు, అప్పు చేసి పప్పుకూడు తినడం మీద. 2003 ద్రవ్య బాధ్యత చట్టం రెవెన్యూ లోటు సున్నా చేయమంది, అంటే రోజువారీ ఖర్చులకి అప్పు చేయొద్దని. అది ఏనాడూ సున్నా కాలేదు. 2018లో చట్టం సవరించి ఆ లక్ష్యాన్నే ఎత్తేశారు! 2025-26 అంచనాల్లో ద్రవ్యలోటు, అంటే ఆ ఏడాదికి కావాల్సిన మొత్తం అప్పు 15.69 లక్షల కోట్లు, రెవెన్యూ లోటు 5.24 లక్షల కోట్లు. మూడో వంతు అప్పు పప్పుకూటికే. జీడీపీలో 56 శాతంగా ఉన్న కేంద్రం అప్పుని 2031 మార్చికి 50 దగ్గరికి తెస్తామంటున్నారు, సంతోషం, కానీ అందులో పప్పుకూడు ఎంతో కూడా చెప్పాలిగా.

రిటైర్డ్ క్యాషియర్:
ఆ 5.24లో 4.27 లక్షల కోట్లు ఆస్తుల కోసం ఇచ్చే గ్రాంట్లు, ఇళ్ళ పథకం లాంటివి. అవి తీసేస్తే మిగిలేది లక్ష కోట్ల లోపే.

పొలంగట్టు:
ఇల్లు ఆస్తే, సరే. మా ఊళ్ళో పునాదిలోనే ఆగిపోయినవి ఏ పద్దులో రాస్తారు సార్?

చిట్టాపద్దు:
😀 క్యాషియర్ గారూ, మీ మాట విని రిజర్వ్ బ్యాంక్ రిటైల్ డైరెక్ట్‌లో (మనలాంటివాళ్ళు ప్రభుత్వ బాండ్లు నేరుగా కొనుక్కునే చోటు) ఖాతా తెరిచాను. పాప మీద పడే అప్పులో కొంత నేనే ఇచ్చేద్దామని, మొదలు 10,000. వడ్డీ మీద పన్ను ఉంటుందా?

రిటైర్డ్ క్యాషియర్:
ఉంటుంది నాయనా. నీ స్లాబు ప్రకారం.