అమ్మానాన్నలతో క్రూయిజ్: ఊళ్లు చూసినట్టా, ఓడ చూసినట్టా?

డాలస్ కోడలు

మా అత్తగారు, మామగారు మే నెలలో వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. మామగారికి 71 ఏళ్లు, నాలుగేళ్ల కిందట స్టెంట్ వేశారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కడం కంటే దిగడమే ఆవిడకు కష్టం. మా పిల్లలకు పదేళ్లు, ఆరేళ్లు. మావారు టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే ఏడు రాత్రుల క్రూయిజ్ చూసి పెట్టారు. గ్రాండ్ కేమన్ ద్వీపం, మెక్సికోలోని కోస్టా మాయా, కోజుమెల్, మూడు రేవులు.

నాకు మనసొప్పడం లేదు. ఒక్కో రేవులో ఎనిమిది గంటలు ఆగుతుందట. దిగి, బస్సెక్కి, ఏదో చూసి, ఓడ వెళ్లిపోతుందన్న కంగారుతో పరుగున వెనక్కి రావాలి. అదే డబ్బుతో టెక్సాస్‌లోనే పోర్ట్ అరాన్సస్‌లో సముద్రం పక్కన ఇల్లు అద్దెకు తీసుకుంటే వారమంతా నింపాదిగా ఉండొచ్చు, వంట చేసుకోవచ్చు. ఇంట్లో ఈ వాదన తేలడం లేదు. పెద్దవాళ్లను తీసుకెళ్లిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గల్ఫ్ గాలి

అమ్మా, మీవారి పక్షమే నేను. మా అమ్మానాన్నలను రెండుసార్లు తీసుకెళ్లాను. అద్దె ఇల్లంటున్నారు, అక్కడ వంట ఎవరు చేస్తారు? మా ఇంట్లో ప్రతి విహారయాత్రా అమ్మకు ఇంకో వంటిల్లుగానే ముగిసేది. కొత్త ఊళ్లో, కొత్త పొయ్యి మీద, పదిమందికి ఉప్మా. ఓడ మీద మొదటిసారిగా ఆవిడ వారం రోజులు గరిటె పట్టుకోలేదు. పెట్టె ఒక్కసారి విప్పితే చాలు, గది మనతోపాటే కదులుతుంది. నాన్నగారికి నడుం నొప్పి వస్తే లిఫ్టెక్కి వెళ్లి పడుకునేవారు. రోడ్డు ప్రయాణంలో ఆ వీలెక్కడిది? మధ్యాహ్నం మూడింటికి పెద్దాయనకు నీరసం వస్తే కారు వెనక సీటే గతి.

భోజనం సంగతి. మొదటిసారి అమ్మ చిన్న రైస్ కుక్కర్ చీరల మధ్య చుట్టి తెచ్చింది. రేవులో పెట్టెల తనిఖీ దగ్గర అది బయటపడింది. చీటీ ఇచ్చి, దిగేటప్పుడు తీసుకోమన్నారు. వేడిచేసే తీగ ఉన్న ఏ వస్తువునీ గదుల్లోకి రానివ్వరు, నడిసముద్రంలో నిప్పంటే వాళ్లకు అంత భయం. అమ్మ ముఖం చిన్నబోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర వడ్డించే అతనితో, మా అమ్మ మాంసం, గుడ్డు ముట్టదని చెప్పాను. మర్నాటి నుంచి పప్పు, అన్నం, ఒక కూర, పెరుగు ఆవిడ ముందుకు వచ్చాయి. ఆవకాయ లేదన్న లోటొక్కటే మిగిలింది. ఇంట్లో పట్టిన పచ్చడి తీసుకెళ్లొద్దు, తీసేసుకునే అవకాశం ఉంది. సీలు వేసిన పొడి ప్యాకెట్లు మాకు ఇబ్బంది పెట్టలేదు.

పాదచారి

గల్ఫ్ గాలి గారు ఓడ గురించి చెప్పారు, బాగుంది. ఆ అమ్మాయి అడిగింది ఊళ్ల గురించి. కోస్టా మాయా ఊరే కాదండీ. ఓడల కోసం కట్టిన రేవు అది, 2001లో తెరిచారు. అసలు ఊరు మహావల్, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలరి పల్లె. 2007 ఆగస్టులో డీన్ తుపాను ఆ రేవును పాడుచేస్తే మళ్లీ కట్టారు. ఓడ దిగగానే కనిపించేవి ఈత కొలను, నగల దుకాణాలు, టోపీల దుకాణాలు. కోజుమెల్‌లో రేవు దాటేలోపు మళ్లీ అవే నగల దుకాణాలు. మెక్సికో చూశామని ఊరికి ఫోన్ చేసి చెబుతాం. మనం చూసింది ఓ అంగడి.

అసలు అక్కడ ఎందుకు ఆగుతాయో తెలుసా? అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని, మళ్లీ అక్కడే దింపాలంటే మధ్యలో కనీసం ఒక విదేశీ రేవులో ఆగి తీరాలి. పెద్ద క్రూయిజ్ ఓడలన్నీ దాదాపు బహామాస్, పనామా వంటి దేశాల జెండాలతోనే తిరుగుతాయి. చట్టం ఆపమంది కాబట్టి ఆగుతున్నాయి. కొత్తగా కట్టే ఓడల్లో పిల్లలకు నీటి జారుడుబండలు, మంచు మీద ఆటలు, నాటకశాలలు పెట్టేది ప్రయాణికుడు ఓడ మీదే డబ్బు ఖర్చు పెట్టాలని. అంతదూరం నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకెళ్లి ఒక పెద్ద హోటల్లో కూర్చోబెట్టినట్టే ఇది.

గల్ఫ్ గాలి

హోటల్లోనే కూర్చోబెట్టాం అనుకోండి, తప్పేముంది? ఆ హోటల్లో మనవలు, తాతయ్య ఒకే చోట ఉన్నారు. మా ఇంట్లో మామూలు రోజుల్లో అది జరగదు. నేను ఆఫీసులో, పిల్లలు బడిలో, వాళ్లిద్దరూ సోఫాలో.

బందరు మాస్టారు

అందరూ మా గురించే వాదిస్తున్నారు కాబట్టి ఆ పెద్దవాళ్లలో ఒకడిగా రాస్తున్నాను. మా అబ్బాయి రెండేళ్ల కిందట జనవరిలో మమ్మల్ని గాల్వెస్టన్ నుంచే తీసుకెళ్లాడు. సముద్రం మాకు కొత్త కాదు, పుట్టింది మచిలీపట్నంలో. కానీ నేల కనిపించని సముద్రం అదే మొదటిసారి చూడటం. తెల్లవారుజామున లేచి పై డెక్ మీద నడిచేవాణ్ణి. రాత్రి కడిగిన చెక్కబల్లలు ఇంకా తడిగా ఉండేవి. నాలుగు వైపులా అంచు గుండ్రంగా కనిపించేది. ఆ వారంలో మనవరాలికి పదమూడో ఎక్కం తెలుగులో వచ్చేసింది. ఓడ మీద గడిపిన రోజులకు నేను వంక పెట్టను.

రేవుల్లో మాత్రం బాధపడ్డాను. మాకు కష్టమని, మా కోసమని, మమ్మల్ని ఓడ మీదే ఉంచి పిల్లలు ఈతకు వెళ్లారు. కోస్టా మాయాలో పగలంతా బాల్కనీలోంచి రేవు మీద జనం పోవడం, రావడం చూశాం. మీరూ వస్తారా అని ఎవరూ అడగలేదు. ప్రేమ లేక కాదు, అడగాలని తోచక.

కోజుమెల్‌లో మా ఆవిడ ఊరుకోలేదు. అక్కడ ఓడలు ఆగే రేవులు మూడున్నాయి. రెండు ఊరికి దక్షిణంగా నాలుగైదు కిలోమీటర్ల దూరం. మా ఓడ అదృష్టవశాత్తు సాన్ మిగెల్ ఊరి మధ్యలో ఉన్న రేవులో ఆగింది. మేమిద్దరం చేతులు పట్టుకుని సముద్రం ఒడ్డున మెల్లగా నడిచాం. నేల చదునుగా ఉంది. పాదచారి గారు చెప్పిన నగల దుకాణాలు ఉన్న మాట నిజమే, వాటిని దాటితే ఊరి చౌకు వచ్చింది. చెట్ల నీడన బెంచీలు, బడి దుస్తుల్లో పిల్లలు. ఒకాయన కొబ్బరి బోండాలు కొడుతున్నాడు. నీళ్లు తాగాక బోండాం తిరిగిమ్మని సైగ చేశాడు. రెండు చెక్కలు చేసి, ముదురు కొబ్బరి గీకి, కవరులో వేసి, దాని మీద నిమ్మకాయ పిండి, ఉప్పు, కారం చల్లి ఇచ్చాడు. మా ఆవిడ తిని, ఇంకాస్త కారం వేయమని వేళ్లతో చూపించింది. అతను ఆవిడ ముఖం చూసి నవ్వి, డబ్బా ఆవిడ చేతికే ఇచ్చేశాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. అరగంట అక్కడే కూర్చున్నాం. ఆ యాత్రంతా తలుచుకుంటే ఆవిడ ఇప్పటికీ చెప్పేది ఆ కొబ్బరి చెక్క సంగతే.

అక్కడే ఒక భయం కూడా కలిగింది. చౌకులో గడియార స్తంభం చూస్తే నా చేతి వాచీ కంటే గంట ముందుంది. ఓడ వెళ్లిపోయిందేమోనని ఆవిడ కాళ్లు వణికాయి. తరువాత తెలిసింది, చలికాలంలో ఆ ద్వీపం సమయానికి, టెక్సాస్ సమయానికి గంట తేడా. మా ఓడ టెక్సాస్ సమయం మీదే నడుస్తోంది. దిగేముందు ఓడ ఏ సమయం పాటిస్తోందో పెద్దవాళ్లకు కాగితం మీద రాసివ్వండి.

అమ్మా, క్రూయిజ్ మంచిదా చెడ్డదా అని మీరిద్దరూ వాదించుకునే బదులు, మీ అత్తగారికి ఫోన్ చేసి ఏ ఊళ్లో దిగాలనుందో అడుగు. మీరు ఎక్కడికి వెళ్తే వాళ్లనూ ఒక్క రేవులోనైనా పక్కన నడిపించుకుని వెళ్లండి.

పాదచారి

మాస్టారూ, మీరు రాసింది చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. మీకు దొరికింది ఊరే, కాదనలేను. అయితే మీరు దాన్ని ఓడ ఏర్పాటు చేసిన యాత్రలో చూడలేదు, దిగి నడిచి చూశారు. నేను చెప్పదలచిందీ అదే.

ఇంకొక వైపు కూడా ఉంది, దాన్ని మరిచిపోవద్దు. కోజుమెల్‌లో దాదాపు 90 వేల మంది ఉంటారు. క్రూయిజ్‌ల మీద వచ్చేవాళ్లు ఏడాదికి నలభై లక్షలు దాటుతారు. నాలుగో రేవు కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు పగడపు దిబ్బలు పోతాయని అక్కడివాళ్లు ఎదురు తిరిగారు. గ్రాండ్ కేమన్‌లో 2025 ఏప్రిల్‌లో ప్రజలనే అడిగారు, ఓడలు నేరుగా వచ్చి ఆగే రేవు కట్టాలా అని. వద్దన్నారు. ఆ ఊళ్లవాళ్లకు మన రాక ఎంత భారమో ఆ ఓటులో ఉంది. మెక్సికో 2025 జులై నుంచి ఓడల మీద వచ్చేవాళ్ల దగ్గర తలకు అయిదు డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. నన్నడిగితే అదీ తక్కువే.

మందుల షాపు ఉద్యోగిని

పాదచారి గారు చెప్పిన ఆ ఓటు వల్ల డాలస్ కోడలికి సంబంధించిన సంగతి ఒకటుంది. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా లంగరు వేస్తుంది, అక్కడి నుంచి చిన్న పడవల్లో దింపుతారు. అలలున్నప్పుడు ఓడకూ పడవకూ మధ్య అడుగు వేయడం మోకాళ్ల నొప్పులున్న మనిషికి చాలా కష్టం, చక్రాల కుర్చీ ఉంటే కొన్నిసార్లు దింపనే దింపరు. మీ అత్తగారి కోసమైతే ఆ రేవున్న యాత్ర వద్దు.

మామగారి విషయం. ఓడలో వైద్యుడు ఉంటాడు, డబ్బు మాత్రం విడిగా కట్టాలి. పరిస్థితి విషమిస్తే హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తుంది. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు తీసుకునే బీమాల్లో చాలావాటికి 70 ఏళ్లు దాటాక రక్షణ బాగా తగ్గుతుంది, పాత గుండె జబ్బుకు షరతులుంటాయి, అమెరికా దాటితే వర్తించేదీ లేనిదీ వేరుగా రాసి ఉంటుంది. ఆ మూడూ చదివాకే డబ్బు కట్టండి. ఓడ ఊపుకు కడుపులో తిప్పే బాధకు దుకాణాల్లో దొరికే మాత్రలు పెద్దవాళ్లకు మగత తెస్తాయి, ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్లకు మూత్రం బిగుస్తుంది. ఆయన గుండె వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వొద్దు. గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ. బాల్కనీ మీద ఆశతో పై అంతస్తుకు వెళ్లకండి.

ఇంకొకటి, జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపాన్ల కాలం. తుపాను వస్తే రేవులు మారిపోతాయి, డబ్బు వాపసు ఇవ్వరు. మీవాళ్లు మేలో వస్తున్నారు కాబట్టి కుదిరితే ఆ నెలలోనే వెళ్లండి.

విశాఖ అక్క

మా తమ్ముడు ఓడల వంటశాలలో పనిచేస్తాడు, అందుకని రెండు మాటలు. వాడి ఉద్యోగ ఒప్పందం ఒక్కోటి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో వారానికి ఒక్క సెలవు రోజూ ఉండదు. ఓడ సిబ్బంది గురించి దేశాలు చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం రోజుకు పది గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అంటే మిగతా సమయమంతా పనే కావచ్చని అర్థం. ఓడ రేవులో ఆగినప్పుడే వాడికి రెండు గంటలు దొరుకుతాయి. మీరంతా నగల దుకాణాల్లో ఉన్నప్పుడు, సిబ్బంది రేవు పక్కన ఉచిత వైఫై ఉన్న చోట గోడకు ఆనుకుని కూర్చుని ఇళ్లకు ఫోన్లు చేస్తుంటారు. మా అమ్మ ఆ ఫోను కోసం ఎదురు చూస్తుంది.

రోజువారీ టిప్పు తలకు ఇంతని బిల్లులో కలిపేస్తారు. అది తీసేయించుకోవచ్చని మనవాళ్లు కొందరు ఒకరికొకరు చెప్పుకోవడం విన్నాను. దయచేసి అలా చేయకండి. మీ అత్తగారికి పప్పన్నం వండించి పెట్టిన మనిషికి చేరేది అందులోంచే.

గల్ఫ్ గాలి

అక్కా, మంచి మాట చెప్పారు. మొదటిసారి నేనూ అది తీసేయించాను. ఇక చేయను.

డాలస్ కోడలికి ఒక కాగితాల సంగతి. మీ అత్తమామల వీసా ఎన్నిసార్లైనా రావడానికి పనికొచ్చేదేనా చూడండి, ఎందుకంటే ఓడ తిరిగొచ్చాక మళ్లీ అమెరికాలో అడుగు పెట్టినట్టే లెక్క. పాస్‌పోర్టులు చేతి సంచిలో ఉండాలి, పెట్టెల్లో వేసి పంపేయకండి.

డాలస్ కోడలు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే నిన్న ఫోన్ చేశాను. అత్తగారు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నాకు ఓడ ఎక్కాలనుంది, మీరు అడుగుతారని అనుకోలేదు" అన్నారు. పోర్ట్ అరాన్సస్ ఇల్లు సంగతి చెబితే, అక్కడ పొయ్యి ఉంటుందా అని అడిగారు. గల్ఫ్ గాలి గారి మాట అప్పుడు అర్థమైంది.

ఏడు రాత్రులది మానేశాం. మేలోనే, అయిదు రాత్రులది, కోజుమెల్ ఉన్నది చూస్తున్నాం, గ్రాండ్ కేమన్ లేకుండా. ఓడ ఎక్కడానికి ముందురోజు హ్యూస్టన్ పక్కన పియర్లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్తాం. కోజుమెల్‌లో ద్వీపం మధ్యన సాన్ హెర్వాసియో అనే మాయా నాగరికత నాటి శిథిలాలున్నాయని, పిల్లలు పుట్టాలని స్త్రీలు పడవల్లో అక్కడి దేవతను దర్శించుకోవడానికి వచ్చేవారని చదివాను. అత్తగారు ఆ మాట విని వెళ్దామన్నారు. టాక్సీలో వెళ్లి ఒక గంట ఉండి, తిరిగొస్తూ చౌకులో దిగుదామని ఆలోచన. చక్రాల కుర్చీ కావాలని ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

మందుల షాపు ఉద్యోగిని

టికెట్లు తీసుకున్న రోజే చెప్పండి. రేవులో ఎక్కించడానికి, దించడానికి మాత్రమే వాళ్లు కుర్చీ ఇస్తారు, మిగతా రోజులకు మీదే ఉండాలి. మడత పెట్టే కుర్చీ అద్దెకు తీసుకోండి. గది తలుపు వెడల్పు ముందే అడగండి. మామూలు గదుల తలుపులు ఇరుకు, మడవకపోతే లోపలికి రాదు.

బందరు మాస్టారు

ఆ కొబ్బరి బోండాలాయన చౌకులో గడియార స్తంభానికి ఎదురుగా, చెట్టు కింద ఉండేవాడు. ఉంటే మా ఆవిడ అడిగిందని చెప్పమ్మా.