వెజైనల్ హిస్టరెక్టమీ: క్లాంప్, కుట్టా? వెసెల్ సీలరా?

పీజీ_గైనిక్
యోని మార్గంలో గర్భసంచి తీసే ఆపరేషన్‌కు (వెజైనల్ హిస్టరెక్టమీ) మా యూనిట్‌లో సీనియర్లవి రెండు దారులు. ఒకరు ప్రతి పెడికిల్‌నీ (సంచిని పట్టి ఉంచే లిగమెంట్, రక్తనాళాల కట్ట) క్లాంప్ చేసి, కోసి, కుడతారు. ఇంకొకరు బైపోలార్ సీలర్‌తో (నాళాల్ని కరెంటు వేడితో అతికించే పరికరం) మూసి కోసేస్తారు. గర్భసంచి జారని కేసుల్లోనూ సీలర్‌తో పని త్వరగా అయిపోతోంది. అలాంటప్పుడు పాత పద్ధతి ఎందుకు నేర్చుకోవాలి?

సర్జన్_ఎస్
నేను సీలర్ వైపే. సంచి జారకపోతే పై పెడికిల్స్ దగ్గర సూది తిప్పడానికి చోటుండదు. సీలర్ 7 మిల్లీమీటర్ల వరకు నాళాల్ని మూస్తుంది, గర్భసంచికి రక్తమిచ్చే యుటిరైన్ ఆర్టరీకి అది చాలు. రాండమైజ్డ్ ట్రయల్స్‌లో ఆపరేషన్ సమయమూ, మొదటి రోజు నొప్పీ తగ్గాయి.

వాల్ట్_ముఖ్యం
సమయం, నొప్పి సంగతి ఒప్పుకుంటాను మేడమ్. కానీ పెద్ద కాంప్లికేషన్లలో స్పష్టమైన తేడా కనబడలేదు. నా పట్టుదలంతా ఒక్క పెడికిల్ మీద: యుటిరోసాక్రల్, అంటే సర్విక్స్‌ను (గర్భసంచి ముఖద్వారం) వెనక త్రికాస్థికి కట్టి ఉంచే లిగమెంట్. దాన్ని కుట్టి, దారం కొస పొడుగ్గా వదిలి, ఆర్టరీ ఫోర్సెప్స్‌తో పట్టి ఉంచాలి. సంచి తీసేశాక వాల్ట్‌కు (యోని పైకొసకు) ఆసరా అదే. 1957లో మెకాల్ అనే సర్జన్ చెప్పిన కల్డోప్లాస్టీ కూడా దాని మీదే ఆధారపడింది: రెండు వైపుల యుటిరోసాక్రల్స్‌నీ మధ్యకు తెచ్చి, డగ్లస్ పౌచ్‌ను (గర్భసంచికీ మలాశయానికీ మధ్య ఉండే గుంట) మూసి, వాల్ట్‌ను వాటికి కుట్టేస్తాం. సీలర్‌తో కోస్తే లిగమెంట్ తెగిన మొదలు పైకి జారిపోతుంది. దాన్ని వెతుక్కుంటూ సరిగ్గా కనబడకుండా కుట్టు వేస్తే యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం) మెలిపడొచ్చు. ప్రొలాప్స్‌తోనే (సంచి జారడం) వచ్చిన మనిషికి కొన్నేళ్లకు వాల్ట్ జారితే ఆ రోజు మిగిలిన నిమిషాలు ఎవరికి కావాలి?

సర్జన్_ఎస్
యుటిరోసాక్రల్ మట్టుకు నేనూ కుట్టే వేస్తాను. సీలర్ వాడేది యుటిరైన్ ఆర్టరీ నుంచి పైకి. వేడి పక్కకు కొన్ని మిల్లీమీటర్లు పాకుతుంది కాబట్టి సర్విక్స్‌ను బాగా కిందికి లాగి, బ్లాడర్‌ను (మూత్రాశయం) రిట్రాక్టర్‌తో పైకెత్తాకే దాన్ని పెట్టాలి. అప్పుడు యురేటర్ దూరం జరుగుతుంది. క్లాంప్ పెట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త.

పీజీ_గైనిక్
మరి ఇంత కష్టమైతే లాపరోస్కోపీకే (పొట్టపై చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) వెళ్లొచ్చు కదా మేడమ్?

వాల్ట్_ముఖ్యం
వద్దమ్మా. 2015 నాటి కాక్రేన్ సమీక్ష (ట్రయల్స్ అన్నిటినీ కలిపి చూసే నివేదిక) ప్రకారం వీలైన చోట యోని మార్గమే ముందు. పొట్ట కోసి చేసేదానికన్నా త్వరగా కోలుకుంటారు, లాపరోస్కోపీ దీనికన్నా మేలని తేలలేదు. హీనీ అనే సర్జన్ 1934లోనే ఈ ఆపరేషన్‌వి 565 కేసులు ప్రచురించాడు, అప్పుడు సీలర్ ఎక్కడిది? యంత్రం మధ్యలో ఆగినా, మూసిన పెడికిల్ నుంచి రక్తం కారినా చేతికి క్లాంప్, సూది అలవాటై ఉండాలి. అందుకే మొదట కుట్టు నేర్చుకో.

సర్జన్_ఎస్
ఇక్కడ మాత్రం నాది వేరే మాట. పెద్ద ఫైబ్రాయిడ్ (కండర గడ్డ) ఉన్న సంచిని రెండుగా చీల్చో, ముక్కలుగా కోసో తీయాలంటే ముందు రెండు యుటిరైన్ ఆర్టరీలూ మూసుకోవాలి. ఆ ఇరుకులో కుట్టు కుదరక పొట్ట కోయడానికి మారే జూనియర్‌కు సీలర్ ఇస్తే కేసు కిందనుంచే పూర్తవుతుంది. నేనైతే రెండూ మొదటి ఏడాదిలోనే నేర్పిస్తాను.