హైదరాబాద్–డల్లాస్: దూరం ఎంత, అసలు పట్టే టైమ్ ఎంత?

మియాపూర్_మనిషి:
మే నెలలో అమ్మానాన్నలకు దుబాయ్ మీదుగా టికెట్ చూస్తున్నా. శంషాబాద్‌లో సోమవారం రాత్రి 10:00కి బయల్దేరి, మంగళవారం పొద్దున 9:40కే డల్లాస్‌లో దిగుతుందట. అంటే 11 గంటల 40 నిమిషాలేనా? సైట్ మాత్రం 22 గంటలు దాటుతుందంటోంది. తిరుగు టికెట్‌లో +2 అని ఉంది, అదేంటి?

రూట్‌మ్యాప్:
రెండు చోట్లా చూపించేది అక్కడి లోకల్ టైమ్ అండీ. మేలో డల్లాస్ మనకంటే 10:30 గంటలు వెనక. 11:40కి అది కలపండి, 22:10 వస్తుంది. విడదీస్తే: దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ ఆగేది 2:10, డల్లాస్‌కి 16. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా 11:30 అవుతుంది. అప్పటి టికెట్‌కి ఈ లెక్క వాడితే గంట తప్పుతుంది.

దూరం నేరుగా సుమారు 14,420 కి.మీ. దుబాయ్ మీదుగా 2,550 + 12,920, అంటే 15,470. తమాషా ఏంటంటే, పటంలో చుట్టు తిప్పుతున్నట్టు కనిపించే లండన్ దారి 15,380 దగ్గరే తేలుతుంది. గ్లోబ్ మీద దారం లాగి చూడండి, తెలిసిపోతుంది.

మియాపూర్_మనిషి:
మరి నేరుగా ఎందుకు వెయ్యరు?

జెట్‌లాగ్_బాబాయ్:
ఒక్క దూరమే అడ్డు కాదు. సింగపూర్–న్యూయార్క్ 15,300 కి.మీ., అది నాన్‌స్టాపే. కానీ డల్లాస్‌కి దగ్గరి దారి మన దగ్గర్నుంచి దాదాపు సూటిగా ఉత్తరానికి పోతుంది: కారకోరం, కజకిస్తాన్, సైబీరియా, ధ్రువానికి 5 డిగ్రీల దూరం. క్యాబిన్‌లో ప్రెషర్ పోతే 10,000 అడుగులకు దిగాలి, కారకోరంలో శిఖరాలే 20,000 దాటి ఉంటాయి. పైగా 2022 నుంచి అమెరికా విమానాలకు రష్యా మీద దారి లేదు. చుట్టు తిరిగితే ఇంధనం పెరుగుతుంది, ఆ బరువుకు సీట్లు ఖాళీగా పెట్టాలి. ఇక గిట్టుబాటేముంది?

రూట్‌మ్యాప్:
+2 అంటే బయల్దేరిన తేదీకి రెండో రోజున దిగుతారని. ఉదాహరణకి డల్లాస్‌లో సోమవారం మధ్యాహ్నం 12:00. పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి వచ్చేటప్పుడు దుబాయ్‌కి 14 గంటల 45 నిమిషాలు చాలు. దుబాయ్‌లో మంగళవారం 11:45. రాత్రి 9:50 ఫ్లైట్ అయితే శంషాబాద్‌లో బుధవారం తెల్లవారుజామున 2:50. తీసుకురావడానికి వెళ్లేవాళ్లు ఇంట్లోంచి కదలాల్సింది మంగళవారం రాత్రే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, బుధవారం రాత్రి కారు బుక్ చేస్తారు.

లగేజ్_లక్ష్మి:
పెద్దవాళ్లకి దుబాయ్‌లో ఆగే 2:10 గంటలు బిగుతే. బయల్దేరే టైమ్‌కి ముందే గేటు మూసేస్తారు, దిగాక సెక్యూరిటీ చెక్ మళ్లీ ఉంటుంది. మూడున్నర, నాలుగు గంటలు ఉన్నది తీసుకుని, వీల్‌చెయిర్ బుకింగ్‌లోనే అడగండి. రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. విడిగా కొంటే మొదటిది లేటై రెండోది తప్పినా కొత్త టికెట్ ఖర్చు మీదే. నేరుగా డల్లాస్‌లో దిగకుండా షికాగోలోనో న్యూయార్క్‌లోనో ఫ్లైట్ మారే టికెట్ చౌకగా దొరికినా వాళ్లకి వద్దు. మామూలుగా అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. పెట్టెలు బెల్టు మీంచి దింపుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పజెప్పాలి. ఒక్కోటి 23 కిలోలు.

మియాపూర్_మనిషి:
అయితే దుబాయే, ఆగే టైమ్ ఎక్కువున్నది చూస్తా. థ్యాంక్సండీ.